పాత చిట్టా

సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మెయిన్ స్విచ్ దించితే గానీ అచ్చుల బాబాయికి గడప దాటడానికి కాళ్ళాడవు. ఎప్పుడో ఆయన పనిచేసిన ఇంకో చోట ఎవరో ప్లాస్టిక్ కరిగించే పొయ్యి ఆర్పకుండా వెళ్ళిపోతే, తెల్లారేసరికి షెడ్డంతా బూడిదైందట. అప్పట్నించీ ఆయన చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఈ వర్క్‌షాపులోకి కంప్యూటర్లు వచ్చాక, స్విచ్ పక్కన 'ఆపరాదు' అని ఇంతింత అక్షరాలతో కాగితం అంటించారు. ఆయనకి ఆ కాగితం మీద గౌరవం లేక కాదు. అలవాటు ముందు అక్షరమెంత? రెండు మూడు నెలలకోసారి మరిచిపోయి దించేసేవాడు. సగం దారిలో గుర్తొచ్చి, నెత్తి కొట్టుకుంటూ వెనక్కొచ్చి ఎత్తేవాడు. ఆ కాస్సేపూ కంప్యూటర్లని బ్యాటరీ మోసేది. ఆ శనివారం మాత్రం ఆయనకి గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున్న వైరమ్మ వచ్చి తలుపు తీస్తే గది చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఎప్పుడు చూసినా మెడలో ఏదో ఒక కేబుల్ దండలా వేలాడుతుంటుంది గనక ఆమెకి ఆ పేరొచ్చింది. ఇక్కడున్న నాలుగు కంప్యూటర్లకీ, ఒక స్కానర్‌కీ, అవి మొరాయించినప్పుడు వాటిని తిట్టడానికీ ఆమె ఒక్కతే దిక్కు. స్విచ్ వైపు చూసింది. కిందికి ఉంది.

"ఏం బాబాయీ నువ్వు" అని అక్కడ లేని మనిషిని విసుక్కుంటూ పైకెత్తింది.

మూడు కంప్యూటర్లు బుద్ధిగా లేచాయి. నాలుగోది లేవలేదు. అసలైనది అదే. కాలు పోయి వచ్చినవాళ్ళ మొండికాలి కొలతలన్నీ దాంట్లోనే ఉంటాయి. బాబాయి ముందు మొండికి తడి పట్టీలు చుట్టి ప్లాస్టర్ అచ్చు తీస్తాడు. వైరమ్మ ఆ అచ్చుని స్కానర్‌తో చుట్టూ చూసి ఫైలు చేస్తుంది. ఫైలుని బట్టి మిషను కాలి తొడుగు చెక్కుతుంది. ఆ తొడుగు రేపు పగిలినా, ఎల్లుండి అరిగినా మనిషి మళ్ళీ కొలతకి కూర్చోనక్కర్లేదు, ఫైలు తీసి ఇంకోటి చెక్కడమే. ఇంత సుఖం కళ్ళబడ్డాకే ఏడాది కిందట మేనేజరు అచ్చుల అల్మారాలన్నీ పీకించి, ప్లాస్టర్ అచ్చుల్ని సుత్తితో కొట్టించి లారీకెత్తించాడు. "అన్నీ కంప్యూటర్లో ఉండగా ఈ రాళ్ళెందుకు?" అన్నాడు. బాబాయి ఆ రోజు భోజనం చెయ్యలేదు గానీ ఎదురు మాట్లాడలేదు. అప్పట్నించీ స్కాన్ అయిన అచ్చుని అయినట్టే పగలగొట్టేస్తున్నారు.

నాలుగో కంప్యూటర్లో డిస్కు టక్... టక్... టక్... మంటోంది. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. డిస్కు పోయింది. అయినా వైరమ్మకి భయం వెయ్యలేదు. బ్యాకప్ ఉంది మరి. రోజూ రాత్రి ఎనిమిదింటికి రెండో కంప్యూటర్లో ఉన్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దానంతటదే లేచి, కొలతల ఫైళ్ళని ముక్కలు చేసి, మూటలు కట్టి, రోడ్డవతల పెద్దాఫీసులో ఉన్న మిషన్లోకి చేరేస్తుంది. ఆ ఏర్పాటు ఆమె సొంతంగా చేసింది. అందుకని దాని మీద ఆమెకి కన్నతల్లికున్నంత ధీమా.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎర్ర గీత కనబడింది. డేటాబేస్ పాడైంది, చదవడం కుదరదు అని దాని సారాంశం.

డేటాబేస్ అంటే మరేం లేదు, చిట్టా. ఏ ఫైలు తాలూకు ఏ ముక్క ఏ మూటలో పెట్టిందో సాఫ్ట్‌వేర్ రాసుకునే పుస్తకం. శనివారం ఎనిమిదింటికి అది రాసుకుంటూ ఉండగానే బ్యాటరీ కాస్తా చేతులెత్తేసింది, రాత మధ్యలో తెగిపోయింది. మూటలు భద్రంగానే ఉన్నాయి. ఏ మూటలో ఏముందో చెప్పే నాథుడు లేడంతే.

దీనికి దారి ఉంది. పాడైన చిట్టాని అవతల పారేసి, 'మొదట్నించీ మళ్ళీ కట్టు' అంటే, సాఫ్ట్‌వేర్ ఒక్కో మూటా విప్పి చూసుకుంటూ కొత్త చిట్టా రాసుకుంటుంది. వైరమ్మ అది నొక్కబోయింది. ఏడు గంటలు పడుతుందని తెర మీద కనిపించింది.

అప్పుడే మేనేజరు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. మనిషి మంచివాడే గానీ వెనక నిలబడే అలవాటుంది. "ఎంతసేపు?"

"చూస్తున్నానండీ."

"చూడ్డం సరే. అక్కడ బెంచీ మీద ఆ కుట్టుపని ఆయన పొద్దున్నే బస్సెక్కి వచ్చి కూర్చున్నాడు. తొడుగు బీట ఇచ్చిందట. పది దాటింది. ఓ గంటలో అవుతుందా, అవదా?"

సాయంత్రం అవుతుందండీ అంటే సరిపోయేది. ఆ రెండు ముక్కలు నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఈ ఏర్పాటు పెట్టిన రోజున, ఏం పోయినా అరగంటలో తెచ్చిపెడతానని ఇదే మనిషి ముందు గొప్పలు పోయింది తనే.

"అవుతుందండీ" అంది.

ఆయన వెళ్ళాక సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. పదకొండు నెలల కిందట కంప్యూటర్ మార్చినప్పుడు అప్పటి చిట్టాని దాంట్లో కాపీ చేసి ఉంచింది. ఆ పాత చిట్టా తెచ్చి పాడైనదాని స్థానంలో పెట్టింది. పాతవన్నీ ఇందులో ఉండనే ఉన్నాయి, ఈ పదకొండు నెలల మూటలూ చూసుకుని తక్కినవి అదే కలుపుకుంటుంది, ఏడు గంటల పని అరగంటలో తేలిపోతుంది. అలా అనుకుంది. అలా అనుకోవడంలో పెద్ద తెలివితక్కువతనం కూడా ఏమీ లేదు. 'రిపేర్' అని ఉన్నచోట నొక్కింది.

సాఫ్ట్‌వేర్ ఇంకోలా అనుకుంది. దానికి చిట్టాయే వేదం. చిట్టాలో ఉన్న మూటలు మనవి, లేనివి ఎవరివో, ఊరికే చోటు తింటున్నాయి. అది ఎవర్నీ అడగలేదు. పద్నాలుగు నిమిషాల్లో ఆకుపచ్చ గుర్తు వేసి, రిపేర్ పూర్తయిందని చెప్పింది.

వైరమ్మ నవ్వుకుంది. కుట్టుపని ఆయన ఫైలు కోసం వెతికింది. ఆయన కొలత తీసింది నాలుగు నెలల కిందట. లేదు. ముందు నెలా, ఆ ముందు నెలా చూసింది. లేవు. జాబితాలో ఆఖరి పేరు పక్కన పదకొండు నెలల కిందటి తేదీ ఉంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమేం చేసిందో రాసుకునే లాగ్ తెరిచింది. ఒక్కో వరసలో ఒక్కో మూట పేరు, పక్కన తొలగించబడింది అని. కిందికి జరిపింది. తొలగించబడింది. ఇంకా కిందికి జరిపింది. వరసలు అయిపోవడం లేదు. టైము చూసుకుంది, ఎందుకు చూసుకుందో తెలీదు. పదకొండు గంటలు.

రోడ్డు దాటి పెద్దాఫీసుకి పరిగెత్తింది. అక్కడి మిషన్లో ఖాళీ చోటు పెరిగి ఉంది. దానికి చెత్తబుట్ట లేదు, చెరిపిందంటే చెరిపినట్టే. వెనక్కొచ్చి స్కానర్లో వెతికింది, చెక్కే మిషన్లో వెతికింది. వాటికి నిన్న చేసిన పనే గుర్తుండదు. చచ్చిన డిస్కుని పట్టుకుని బజార్లో రిపేర్లు చేసే ఆయన దగ్గరికి వెళ్తే, మూత విప్పి, లోపల పళ్ళెం మీద గీసుకుపోయిన చారని చూపించి, మళ్ళీ మూత పెట్టేశాడు. తిరిగొచ్చి లెక్కవేసింది. రెండు వందల పన్నెండు మంది.

అంత గాలించాక ఒక్కటే తేలింది. ఆ ఏడు గంటల పనికే ఒప్పుకుని ఉంటే సాయంత్రానికల్లా అందరూ దొరికేవాళ్ళు.

మేనేజరు మూడింటికి పిలిచాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక పాత ఇనప మోకాలి కీలు పెట్టి ఉంది.

"ఏమైంది?"

"రెండు వందల పన్నెండు మంది కొలతలు లేవండీ. డేటాబేస్ పాడైంది. డిస్కు కూడా పోయింది."

"ఎందుకు పాడైంది?"

"శనివారం బ్యాకప్ రాస్తుండగా కరెంటు పోయి..."

"కరెంటు పోలేదే? నేను అడిగాను. వీధిలో ఎవరికీ పోలేదు."

వైరమ్మ బల్ల మీద ఉన్న కీలు వైపు చూసింది. "మెయిన్ దించి ఉందండీ."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజంలో సగం దాకా వచ్చి ఆగిందంతే. ఆ తర్వాత మేనేజరు ఇంకో ప్రశ్న వేస్తే చెబుదామని అలాగే నిలబడింది. ఆయన వెయ్యలేదు. ఆయనకి కావలసింది దొరికింది. ఇంకా లోతుకి తవ్వితే బ్యాకప్ సంగతి వస్తుంది, బ్యాకప్ సంగతి వస్తే దాన్ని నమ్ముకుని అచ్చులు పగలగొట్టించింది ఎవరని వస్తుంది. ఆయన గబగబా లేచి, తలుపు తీసి, అచ్చుల గదిలోకి కేకేశాడు.

బాబాయి మోచేతులదాకా ప్లాస్టర్‌తో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, నేల పాడవుతుందని.

"శనివారం స్విచ్ దించావా?"

ఆయన ముందు వైరమ్మని చూశాడు, తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు. "దించే ఉంటానండీ" అన్నాడు. కాస్త ఆగి, "దించాను. నేనే" అన్నాడు.

"దాంతో ఏమైందో తెలుసా? రెండు వందల పన్నెండు మంది కొలతలు గంగలో కలిశాయి."

ఆ అంకె బాబాయి లోపలికి దిగడం వైరమ్మకి కనిపించింది. ఆ రెండు వందల పన్నెండు అచ్చులూ తీసింది ఆయనే. ఒక్కొక్కరి ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో, ఎవరికి ఏ పక్కన చర్మం పల్చనో ఆయన బొటనవేలికి తెలుసు. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని వైరమ్మ లోపల ఎవరో తోస్తున్నారు. తేలు కుట్టిన దొంగకి నోరెలా వస్తుంది? రాలేదు.

బాబాయి చేతులు కడుక్కుని, తుడుచుకుని, తిన్నగా బెంచీ దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ వెళ్ళమనలేదు. కుట్టుపని ఆయన బీటలిచ్చిన తొడుగుని పక్కన నిలబెట్టుకుని, పాంటు మడిచి, మొండికి గాలి తగలనిస్తున్నాడు.

"నీ కొలత పోయిందయ్యా. నేనే పోగొట్టాను, ఈ చేత్తో" అన్నాడు బాబాయి.

"కొలతేగా బాబాయ్, ప్రాణమా? మళ్ళీ తీసుకో" అని నవ్వాడతను.

బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని మొండిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పగిలిన తొడుగు ఒరుసుకుని ఒకవైపు కమిలి, వాచి ఉంది. వాపు మీద అచ్చు తీస్తే, వాపు తగ్గాక తొడుగు వదులైపోతుంది. "పది రోజులు పడుతుంది. ఇది పూర్తిగా తగ్గాలి."

అతని నవ్వు ఆగిపోయింది. "పది రోజులా? బళ్ళు తెరిచేశారు బాబాయ్. బడిపిల్లలవి నూటయాభై జతల బట్టలు ఒప్పుకున్నాను. ఒంటికాలితో మిషను ఎలా తొక్కను?"

"తప్పు నాదే" అన్నాడు బాబాయి, తల దించుకుని. "తప్పు నాదే."

అతను చంకకర్రలు తీసుకుని లేచాడు. వైరమ్మ స్కానర్ గది తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. మెడలో ఉన్న కేబుల్ని తీసి చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

ఇంటికెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. మొగుడు బడిపిల్లల్ని దింపొచ్చి, వీధిలో వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. ఆమె ఒక పాతగుడ్డ అందుకుని రెండో పక్క అద్దం తుడుస్తూ జరిగిందంతా చెప్పింది. మూటలు, చిట్టా, పాత చిట్టా, రిపేరు.

"అంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట" అని నవ్వాడు. ఆమె మొహం చూసి ఆపేశాడు. "ఎవరికైనా తెలుసా?"

"లేదు."

"అడిగారా?"

"ఎందుకు పాడైందని అడిగారు. చెప్పాను. తర్వాత నువ్వేం చేశావని అడగలేదు."

"అడగని ప్రశ్నకి జవాబెందుకు మనకి?" గుడ్డ పిండుతూ అన్నాడు. "ఆయన స్విచ్ దించలేదా? దించాడు. దించకపోతే నీకీ తిప్పలుండేవా? మొదలు ఆయనది."

"మొదలు ఆయనదే. చివర నాది."

"చివరదాకా ఎవరు చూస్తారే? నువ్వూరుకో. ముసలాయన్ని నాలుగు తిడతారు, ఆయన పడతాడు, అయిపోతుంది. నువ్వయితే బయటికి పంపేస్తారు."

ఆ మాటకి ఆమెకి ఊపిరాడినట్టయింది. ఆ వెంటనే, ఊపిరాడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అద్దం మీద ఒకే చోట చాలాసేపు తుడిచింది.

మంగళవారం ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని ఆమెకి తెలీదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటోంది. లాగ్ ఇంకా ఆ కంప్యూటర్లోనే ఉంది. చెరిపేస్తే ఎవరికీ అంతుపట్టదు. రెండుసార్లు అందాకా వెళ్ళి వచ్చింది. చెరపలేదు, చూపించనూ లేదు.

బుధవారం ఒకావిడ కొత్తగా కొలతకి వచ్చింది. స్కాన్ చేసే పని ఉంటుందని వైరమ్మ కూడా అచ్చుల గదిలో ఉంది. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, పక్కన వరసగా చుట్టిన పట్టీలు. ఇదివరకు బాబాయి ఈ పని చేస్తుంటే చూడ్డం ఆమెకి సరదాగా ఉండేది. మాట్లాడుతూనే ఉండేవాడు. వచ్చినవాళ్ళ పిల్లల సంగతీ, వంటల సంగతీ అడుగుతూ, వాళ్ళు మొండి సంగతి మరిచిపోయి ఉండగానే నీలి పెన్సిల్‌తో ఎముక మీద గుర్తులు పెట్టేసేవాడు. టేపు ఊరికే మాటవరసకి. కొలత ముందు వేళ్ళు చెప్పేవి, టేపు అవునండీ అనేది.

ఇవాళ మాట్లాడ్డం లేదు. పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. తడి గుడ్డతో చెరిపాడు. మళ్ళీ అక్కడే పెట్టాడు. టేపు చుట్టి, కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, "అమ్మాయ్, ఓసారి చూడు. ముప్పై రెండేనా?" అన్నాడు.

ఆయన ఎవర్నీ ఇలా అడగ్గా ఆమె ఎప్పుడూ వినలేదు. వంగి చూసింది. "ముప్పై రెండే బాబాయ్."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

పట్టీ నీళ్ళలో ముంచి, పిండి, చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు వేశాక ఆగిపోయి, "ఇందాక గుర్తు పెట్టానా నేను?" అన్నాడు. ప్లాస్టర్ గట్టిపడిపోతోంది. ఆయన మొత్తం విప్పేసి, ఆవిడకి క్షమాపణ చెప్పి, కొత్త పట్టీ తీశాడు. ఆవిడ భయంగా వైరమ్మ మొహంలోకి చూసింది. మేనేజరు ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళాడు.

సాయంత్రం బాబాయి వెళ్తూ స్విచ్ దగ్గర ఆగాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, స్విచ్ పైకే ఉందని చూసుకున్నాడు. గేటుదాకా వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ చూసుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు, "నా చెయ్యి నా మాట వినట్లేదు తల్లీ. ఇంకా ఏమేం పాడుచేసిందో ఎవరికి తెలుసు?" అన్నాడు.

వైరమ్మ "అలా అనకు బాబాయ్" అంది. ఇంకేదో అనబోయింది. ఆయన అప్పటికే గేటు దాటాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది. పైకే అనుకుంది.

గురువారం మేనేజరు కాగితం పెట్టాడు. అచ్చుల గది తాళం చెవులు తీసుకున్నారు. ఇకమీదట కొలతలకి వారానికి రెండు రోజులు బయట్నుంచి ఒకాయన వస్తాడు. బాబాయి స్టోరు గదిలో కూర్చుని, పాత కాళ్ళ నుంచి ఊడదీసిన పట్టాలూ బకిల్సూ వేరుచేసి డబ్బాల్లో వెయ్యాలి. బాబాయి ఏప్రను విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కాదనలేదు. ఆయన మొహంలో అదీ ఒక రకంగా మంచిదేలే అన్నట్టు, బరువు దింపుకున్నట్టు కనబడింది. వైరమ్మకి అది భరించరానిదైంది. ఈయన నమ్మేశాడు. ఈ చేతులిక పనికిరావని ఆయనే నమ్మేశాడు.

శుక్రవారం పొద్దున్న లాగ్ మొత్తం ప్రింటు తీసింది. ముప్పై ఒక్క పేజీలు. తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది, మొదట్నించీ చివరిదాకా.

ఆయన రెండు పేజీలు తిప్పి, తక్కినవి తిప్పకుండా మూసేశాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదండీ."

"మంచిది. చెప్పకు." కాగితాలు సొరుగులో పెట్టి మూశాడు. "నేను పైకి రాసి పంపించేశాను. మళ్ళీ ఇంకో రకంగా రాస్తే, ముందు రాసిందేమిటంటారు. అచ్చుల మాటా వస్తుంది. అయినా పెద్దాయనకి కళ్ళు కూడా ఆనట్లేదు, బుధవారం చూశావుగా? నిన్ను పంపించేస్తే రేపు ఈ కంప్యూటర్లు ఎవరు చూస్తారు?"

"ఆయన చేతులకేం కాలేదండీ. నావల్ల..."

"సరేనమ్మా. నీ మనసు మంచిది." ఇంకో కాగితం అందించాడు. "ఈ రెండు వందల పన్నెండు మందికీ ఫోన్లు చెయ్యి. మళ్ళీ కొలతకి రమ్మను. ఏం చెప్పాలో పైన రాశాను."

పైన రెండు వరసలున్నాయి. సిబ్బందిలో ఒకరు పొరపాటున కరెంటు ఆపడం వల్ల తమ కొలతలు పోయినవి, అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఒప్పుకుంటే శిక్ష పడుతుందని నాలుగు రోజులు వణికింది. ఒప్పుకున్నా పడదని ఆమెకి ఇప్పటిదాకా తట్టలేదు.

స్టోరు గదిలో బాబాయి చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య రేకు డబ్బా పెట్టుకుని, బకిల్సు ఒక్కొక్కటే చూసి వేస్తున్నాడు. వైరమ్మ కింద, గచ్చు మీద కూర్చుంది.

"బాబాయ్, కొలతలు పోగొట్టింది నువ్వు కాదు."

ఆయన వెయ్యబోయిన బకిల్‌ని చేతిలోనే ఉంచుకున్నాడు.

ఆమె చెప్పింది. మూటలు చెక్కుచెదరలేదనీ, చిట్టా మాత్రమే చెడిందనీ, దాన్ని మళ్ళీ రాయించి ఉంటే సరిపోయేదనీ, తను తొందరపడి పాత చిట్టా పెట్టి, దాంట్లో లేనివన్నీ తన చేత్తో చెరిపించిందనీ.

"అయితే నేను స్విచ్ దించడం తప్పు కాదా?"

"తప్పే. కానీ ఆ తప్పు సాయంత్రానికి సర్దుకునేది."

బాబాయి చేతిలో బకిల్‌ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అడిగాడు, "ఇది నీకెప్పుడు తెలుసు?"

"సోమవారం. పదకొండింటికి."

"ఆయన నన్ను పిలిచింది మూడింటికి కదూ?"

"ఊఁ."

"నేను ఆ కుట్టుపని ఆయన దగ్గరికి వెళ్ళేసరికి నీకు తెలుసు."

"తెలుసు బాబాయ్."

"బుధవారం నేను టేపు చూడమన్నప్పుడు కూడా తెలుసు." ఆయన గొంతు లేవలేదు. లేచి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. "నాలుగు రోజులు నేను ఈ చేతుల్ని చూసుకుని ఏడ్చానమ్మాయ్. ముద్ద కలుపుకోవాలన్నా వాటి మీద అనుమానం పుట్టింది. నువ్వు పక్కనే నిలబడి, ముప్పై రెండే బాబాయ్ అన్నావు."

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "నన్ను నాలుగు తిట్టు బాబాయ్."

"తిడితే నీకు తేలికవుతుంది" అన్నాడాయన. బకిల్ డబ్బాలో వేశాడు. "వెళ్ళు. నీ పని చూసుకో."

ఫోను స్టోరు గదికి ఆనుకునే ఉన్న ముందు గదిలో ఉంది. మధ్యలో చెక్క అడ్డు, పైన అంతా ఖాళీ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. వైరమ్మ మొహం తుడుచుకుని, కాగితం ముందు పెట్టుకుని, మేనేజరు రాసిన రెండు వరసల్నీ అడ్డంగా కొట్టేసింది. మొదటి నంబరు కలిపింది.

"కాళ్ళ వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నానండీ. కంప్యూటర్లు చూసేదాన్ని. మీ కొలత ఫైలు పోయింది. పోగొట్టింది నేనే. పొరపాటున చెరిపేశాను. మీరు మళ్ళీ ఒకసారి రావాలి."

అవతల ఒక ముసలావిడ. "మళ్ళీ రావాలా? బస్సు దిగి అంత దూరం నడవాలే తల్లీ."

"తెలుసండీ. తప్పు నాది."

"సరే, ఏం చేస్తాం. ఆ పెద్దాయనే తీస్తాడుగా కొలత? నాకు నొప్పి పుట్టకుండా తీశాడు మహానుభావుడు."

చెక్క అడ్డు అవతల డబ్బాలో బకిల్సు పడే చప్పుడు ఆగింది.

"లేదండీ" అంది వైరమ్మ. "ఆయన్ని ఆ పనిలోంచి తీసేశారు."

"అయ్యో. ఏం తప్పు చేశాడనీ?"

వైరమ్మ అటు గదిలోకి వినబడేంత గట్టిగా, ఒక్కో మాటే చెప్పింది. "ఆయనేం చెయ్యలేదండీ. నేను చేసినదానికి ఆయన్ని తీసేశారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను."

"అయితే నేను రానమ్మా" అని ముసలావిడ ఫోను పెట్టేసింది.

వైరమ్మ కాగితం మీద ఆ పేరు పక్కన 'రారు' అని రాసింది. ఎందుకని అడుగుతారని, దాని పక్కనే కారణం కూడా రాసింది. అవతల గదిలో చప్పుడు మళ్ళీ మొదలవుతుందేమోనని చూసింది. మొదలవలేదు. రెండో నంబరు కలిపింది.